తూర్పు కనుమల కొండ గోరింక, కేరళ కొండ గోరింక ఒకటేనా?

గోదారిగట్టు · శనివారం రాత్రి 9:40

మారేడుమిల్లి నుంచి చింతూరు దిగే ఘాట్ రోడ్డులో ఓ జువ్విచెట్టు మీద తీసిన ఫొటో ఇది. ఒళ్లంతా నిగనిగలాడే నలుపు, ఎండ పడితే ఊదారంగు మెరుపు, నారింజ ముక్కు, కంటి కింద పసుపు తోలు. ఎగిరినప్పుడు రెక్కల్లో తెల్ల మచ్చ కనిపించింది. మాతో వచ్చిన కుర్రాడు "కొండ గోరింక సార్, మాట్లాడే పిట్ట" అన్నాడు. అక్కడిదాకా గొడవ లేదు. వాట్సాప్‌లో పెట్టగానే, కేరళలో నెల్లియాంపతి తిరిగొచ్చిన మా తమ్ముడు "దీన్ని నేనూ చూశా, ఇదే అది" అని పట్టుబట్టాడు. నా దగ్గరున్న పుస్తకంలో మాత్రం ఉత్తరాదిది, దక్షిణాదిది అని రెండు జాతులుగా వేశారు. బొమ్మలు చూస్తే కవల పిల్లల్లా ఉన్నాయి. ఎలా తేల్చాలి? ఇంకో సందేహం: ఇది మన పెరటి గోరింకకి దగ్గర చుట్టమేనా, లేక పేరుకే గోరింకా?

అడవిబాట · శనివారం రాత్రి 10:15

ఎదురుగా తీసిన ఫొటోతో తేలదండీ. తల వెనక భాగం కనబడేది ఉంటే పెట్టండి. ఈ పక్షుల్లో కీలకమంతా ఆ పసుపు తోలులోనే ఉంది.

ఉత్తరాది కొండ గోరింకకి, అంటే గ్రాకులా రెలిజియోసాకి, కంటి కింద మొదలైన పసుపు తోలు తెగకుండా మెడ వెనక్కి సాగి, అక్కడ రెండు వైపులవీ కలుస్తాయి. దక్షిణాది దానికి, అంటే గ్రాకులా ఇండికాకి, కంటి కింద ఒక ముక్క, మెడ వెనక ఒక ముక్క విడివిడిగా ఉంటాయి. మెడ వెనకది సన్నటి గీతలాగా కంటి వెనక దాకా పైకి పాకుతుంది. దక్షిణాది పిట్ట కాస్త చిన్నది, ముక్కు కూడా సన్నం. రెండూ పక్కపక్కన కూర్చుంటే తప్ప ఆ తేడా కంటికి ఆనదు కాబట్టి సైజు మీద ఆధారపడకండి.

శ్రీలంకలో ఇంకా సరదాగా ఉంటుంది. అక్కడ దక్షిణాది గోరింకా ఉంది, ఆ దీవికి మాత్రమే సొంతమైన గ్రాకులా టైలోజెనిస్ అనే ఇంకొకటీ ఉంది. ఆ రెండో దానికి కంటి కింద పసుపే ఉండదు, మెడ వెనక మాత్రమే.

గోదారిగట్టు · శనివారం రాత్రి 10:52

వెనక నుంచి ఒకటి దొరికింది, కొంచెం మసకగా ఉంది. కంటి నుంచి మెడ దాకా పసుపు ఎక్కడా తెగినట్టు లేదు. రెండు వైపులవీ కలిశాయనే అనిపిస్తోంది. మీరే చూడండి.

అడవిబాట · ఆదివారం ఉదయం 6:30

చూశాను, కలిశాయి. అంటే రెలిజియోసా. అందులోనూ మన వైపుది పెనిన్సులారిస్ అనే ఉపజాతి. బస్తర్ మైనా అని ఛత్తీస్‌గఢ్ వాళ్లు చెప్పుకునేది ఇదే. 1933లో హ్యూ విస్లర్, నార్మన్ కినియర్ దీనికి ఆ పేరు పెట్టారు. విస్లర్ పంజాబ్‌లో పోలీసు అధికారిగా చేసినవాడు, కినియర్ లండన్ మ్యూజియం మనిషి. తూర్పు కనుమల్లో జరిగిన వెర్నే శాస్త్రీయ సర్వే పక్షుల నివేదిక రాసింది కూడా ఈ ఇద్దరే. కాబట్టి ఈ ఉపజాతి పుట్టుపూర్వోత్తరాలకీ మన కొండలకీ సంబంధం గట్టిదే.

అసలు ఆలోచించాల్సింది మీ తమ్ముడి మాట. మారేడుమిల్లికి నెల్లియాంపతి దగ్గరా, అస్సాం దగ్గరా? మ్యాపులో చూస్తే కేరళే దగ్గర. కానీ మన కొండ గోరింక చుట్టరికం అస్సాం, నేపాల్, బర్మా వైపు. కేరళ పక్షికి ఇది దాయాది, అంతే. నల్లమల, శేషాచలం దాటి దక్షిణానికి పోయే దారిలో ఈ పిట్టకి కావాల్సిన తడి అడవి లేదు. ఎప్పుడో ఆ దారి తెగిపోయి అటువైపువి అటు, ఇటువైపువి ఇటు ఉండిపోయాయి. తూర్పు కనుమల ఉత్తర భాగం పక్షులకి పడమటి కనుమలతో ఎంత చుట్టరికం, ఈశాన్యంతో ఎంత అన్నది పాత చర్చే. 1980ల్లో విశాఖ కొండల పక్షుల మీద అమెరికా పక్షి శాస్త్రవేత్తలు రిప్లీ, బీలర్, మన విశాఖ కె.ఎస్.ఆర్. కృష్ణరాజు గారు కలిసి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్లో రాశారు. దొరికితే తప్పకుండా చదవండి. ఆ కొండల్లో పక్షుల కోసం తిరిగేవాళ్లకి కృష్ణరాజు గారి పని చదవకపోతే పునాది ఉండదని నా నమ్మకం.

ఖమ్మంకుర్రోడు · ఆదివారం ఉదయం 8:05

మా దిక్కు భద్రాచలం అడవులల్ల కొండ గోరింక అని వేరే పిట్టను చూపిస్తరు అన్నా. బూడిద రంగు మీద ఉంటది, ముక్కు మొదట్ల చిన్న కుచ్చు లెక్క ఈకలుంటయ్. కంటి సుట్టు పసుపు అస్సలుండదు. ఇదేంది మరి?

అడవిబాట · ఆదివారం ఉదయం 8:20

అది జంగిల్ మైనా, అక్రిడోథెరస్ ఫస్కస్. పెరటి గోరింకకి సొంత తమ్ముడు. అడవి అంచుల్లో, పశువుల వెంట, పొలాల్లో తిరుగుతుంది. ముక్కు మీద కుచ్చు, కంటి చుట్టూ తోలు లేకపోవడం దాని గుర్తులు. ఊళ్లలో రెండింటినీ ఒకే పేరుతో పిలుస్తారు కాబట్టి ఎవరైనా "చూశాం" అంటే ముందు ఎక్కడ కూర్చుందో అడగండి. నేల మీద నడుస్తూ కనిపించింది అంటే కొండ గోరింక కాదు. కొండ గోరింక చెట్టు దిగడం చాలా అరుదు. కొమ్మ మీద కూడా మామూలు గోరింకలా ఠీవిగా అడుగులు వేయదు, పక్కకి పక్కకి గెంతుతూ జరుగుతుంది. ఒకసారి ఆ గెంతు చూస్తే దూరం నుంచే పోల్చుకోవచ్చు.

జన్యుబాట · ఆదివారం మధ్యాహ్నం 12:10

పెరటి గోరింకకి చుట్టమా అన్న ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు కాబట్టి నేను దూరుతున్నా.

స్టర్నిడే అనే కుటుంబం వరకు చుట్టమే. అంతకంటే దగ్గర కాదు. 2006 నుంచి వచ్చిన డీఎన్ఏ పరిశోధనల్లో ఈ కుటుంబం చాలా స్పష్టంగా విడిపోయింది. మన పెరటి గోరింక, జంగిల్ మైనా, బ్రాహ్మణి మైనా, యూరప్ స్టార్లింగ్, బాలి మైనా ఒక కొమ్మ మీద ఉన్నాయి. కొండ గోరింకలు ఆగ్నేయాసియా, పసిఫిక్ దీవుల కొమ్మ మీద ఉన్నాయి. ఆ కొమ్మ మీద ఉన్నవి: న్యూగినీ అడవుల్లో ఉండే మినో మైనాలు, ఫిలిప్పీన్స్ కొలెటో, బర్మా నుంచి అటువైపు ఉండే బంగారు తల మైనా, ఇంకా అప్లోనిస్ అనే ఓ పెద్ద గుంపు. అండమాన్‌లో కరెంటు తీగల మీద వరసగా కూర్చునే ఎర్ర కళ్ల నల్ల పిట్ట చూశారా, ఆకుపచ్చ మెరుపుతో? అది అప్లోనిస్. మీ ఫొటోలోని పక్షికి మీ వీధిలోని గోరింక కంటే అదే దగ్గర.

ఈ కొమ్మలో ఎక్కువ భాగం అడవి చెట్ల పైభాగంలో పళ్లు తిని బతికే పక్షులు. పెరటి గోరింక కొమ్మలో మాత్రం నేల మీద పురుగు ఏరుకునేవి ఎక్కువ. చుట్టరికం అలా ఉందని తెలిశాక ఆ నడక తేడా వింతగా అనిపించదు.

రిటైర్డ్‌మాస్టారు · ఆదివారం సాయంత్రం 4:45

మీ జాతులూ ఉపజాతులూ నాకు అంతగా ఎక్కవు గానీ ఈ పిట్ట సంగతి నాకు తెలుసు. పర్లాకిమిడిలో నేను చదువుకునే రోజుల్లో ఒక షావుకారు గారింట్లో పంజరంలో ఉండేది. "ఎవరది?" అని అచ్చం ఆయన గొంతుతో అడిగేది, ఆయన దగ్గు కూడా దగ్గేది. కొత్తవాళ్లు చెప్పులు విప్పి నిలబడి సమాధానం చెప్పేవాళ్లు. చిలక పలుకులు దీని ముందు ఎందుకూ పనికిరావు. చిలక మాట అరిగిపోయిన రికార్డులా ఉంటుంది, దీని మాట మనిషి మాటే. అడవిలో కూడా ఇది ప్రతి పక్షినీ అనుకరిస్తుంది. డేగ కూత కూసి మిగతా పిట్టల్ని బెదరగొడుతుందని మా వైపు కొండవాళ్లు చెప్పేవారు.

కూతలవేట · ఆదివారం సాయంత్రం 6:20

నమస్కారం మాస్టారూ. పంజరంలో సంగతి మీరు చెప్పినట్టే. అడవిలో సంగతి అలా కాదు, అక్కడే ఈ పిట్ట అసలు విచిత్రం ఉంది.

బ్రయన్ బెర్ట్రమ్ అనే ఆయన, తర్వాత సెరెంగెటి సింహాల మీద పేరు తెచ్చుకున్నాయన, 1960ల్లో అస్సాం అడవుల్లో కొండ గోరింకల కూతలే పట్టుకుని పని చేశాడు. 1970లో అచ్చయింది. ఆయన చెప్పింది ఏమిటంటే, అడవిలో కొండ గోరింక వేరే జాతి పక్షులని అనుకరించదు. తన జాతి ఇరుగుపొరుగునే అనుకరిస్తుంది. ప్రతి పిట్టకీ కొన్ని పలుకులు ఉంటాయి. మగది పక్క మగవాటి దగ్గర, ఆడది పక్క ఆడవాటి దగ్గర నేర్చుకుంటుంది. జంటగా తిరిగే ఆడామగా కూడా ఒకరి పలుకు ఒకరు తీసుకోరు! చుట్టుపక్కల పిట్టలకి కొన్ని పలుకులు ఉమ్మడిగా ఉంటాయి, పది పదిహేను కిలోమీటర్లు దాటితే దాదాపు అంతా మారిపోతుంది. మన యాస జిల్లాకోటి మారితే వీటిది లోయకోటి మారుతుంది.

ఇప్పుడు షావుకారు గారి పిట్టని చూడండి. కళ్లు తెరవకముందే గూట్లోంచి తీసిన పిల్ల. దానికి నేర్చుకునే బుద్ధి ఉంది, నేర్పే పొరుగు లేదు. చుట్టూ వినిపించేది షావుకారు గొంతూ ఆయన దగ్గూ. ఇరుగుపొరుగు కోసం ఉన్న విద్య అంతా ఆయన మీద ఖర్చు పెట్టింది. "మాట్లాడే పిట్ట" అని మనం మురిసిపోయేది దాని ఒంటరితనాన్ని చూసే. ఈ విషయం తెలిసినప్పటి నుంచి పంజరంలో మాట్లాడే మైనాల పాత వీడియోలు చూడబుద్ధి కావడం లేదు నాకు.

మీరు చెప్పిన డేగ కూత మాత్రం ఉత్త కథ అనను. అవే అడవుల్లో తోకకి రెండు పొడుగాటి తీగలు వేలాడే పసుల పోలిగాడు ఉంటుంది. డేగ కూతతో సహా పదిరకాల పిట్టల్ని అనుకరించే మొనగాడు అదే. రెండూ నల్లవే, రెండూ ఒకే చెట్టు మీద ఉంటాయి. ఎవరి కూత ఎవరి ఖాతాలో పడిందో ఊహించుకోవచ్చు.

రిటైర్డ్‌మాస్టారు · ఆదివారం సాయంత్రం 7:05

పోలిగాడి సంగతి నాకు తెలీదా నాయనా, పొలాల్లో గేదె మీద ఎక్కి కూర్చునేదే కదా. కొండవాళ్లు రోజూ చూసేవాటిని కలగాపులగం చేస్తారంటే నేను నమ్మను. అస్సాంలో ఒకాయన కొన్నాళ్లు విన్నంత మాత్రాన మన కొండల్లోవి కూడా అంతేనని ఎలా చెప్తారు? మీరే కదా లోయకోటి మారుతుందన్నారు!

కూతలవేట · ఆదివారం సాయంత్రం 7:30

మంచి ప్రశ్న మాస్టారూ. లోయకోటి మారేది పలుకులు, నేర్చుకునే పద్ధతి కాదు అన్నది నా వాదన. అయితే మన కొండల్లో కూర్చుని రికార్డు చేస్తే ఆ మాట ఇంకా బలంగా చెప్పొచ్చు. సీలేరు వైపు, అనంతగిరి వైపు ఎవరి దగ్గరైనా ఆడియో ఉంటే ఇక్కడ పెట్టండి, పక్కపక్కన పెట్టి చూద్దాం. మీరన్న గేదె మీద పోలిగాడు వేరు. అడవిలో తీగతోకది దాని అన్న లాంటిది.

చిట్టిబాబు99 · ఆదివారం రాత్రి 9:15

సార్ ఇది ఎక్కడ దొరుకుతుంది, జంట రేటు ఎంత ఉండొచ్చు? మా పాపకి బర్త్‌డేకి ఇద్దామని. పిల్లగా ఉన్నప్పుడే తీసుకుంటే బాగా మాట్లాడుతుందట కదా.

వేదిక నిర్వాహకులు · ఆదివారం రాత్రి 9:32

చిట్టిబాబు గారూ, ఇక్కడ ఏ పక్షి కొనుగోళ్లూ అమ్మకాలూ అడగకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇది రక్షిత పక్షి. మన దేశపు అడవి పక్షుల వ్యాపారం 1990-91 నుంచే నిషేధం. కొండ గోరింకే కాదు, మామూలు గోరింకనీ రామచిలకనీ పంజరంలో పెట్టినా నేరమే. దయచేసి ఇలాంటి పోస్టు మళ్లీ పెట్టకండి. పోస్టు తీసేయడం లేదు, వచ్చినవాళ్లు చదువుకుంటారని.

చిట్టిబాబు99 · ఆదివారం రాత్రి 9:50

చిలక కూడానా? మా వీధిలో నాలుగిళ్లలో ఉన్నాయి సార్. సరే, అర్థమైంది.

కూతలవేట · ఆదివారం రాత్రి 10:20

కోపంతో కాదు గానీ చిట్టిబాబు గారు అడిగిన ప్రశ్నే ఈ పక్షి చరిత్ర మొత్తం. మాట్లాడే గుణమే దానికి శాపమైంది. మేఘాలయ గారో కొండల్లో ఒక పద్ధతి ఉండేది: వెదురు చీలికలతో గూడు లాంటిది అల్లి, గడ్డి చుట్టి, ఊరి అంచున ఎత్తయిన చెట్లకి కట్టేవారు. కొండ గోరింకలు వచ్చి గుడ్లు పెట్టుకునేవి. పిల్లలు చేత్తో పెంచే వయసుకి రాగానే దించుకుని అమ్మేవారు. ఒకరకంగా కుటీర పరిశ్రమ. చెట్టు నరకకుండా, పెద్ద పక్షిని చంపకుండా చేశారు కాబట్టి మిగతా చోట్ల జరిగిన దానికంటే నయమనే చెప్పాలి. మిగతా చోట్ల తొర్ర అందకపోతే చెట్టునే కూల్చేవారు. ఒక చెట్టు పోతే ఒక ఏడాది పిల్లలే కాదు, ఆ తొర్ర కూడా పోయినట్టే.

అంతర్జాతీయంగా చూస్తే థాయిలాండ్ 1992లో దీన్ని సైటీస్ (అడవి జంతువులు, మొక్కల అంతర్జాతీయ వ్యాపారం మీద ఒప్పందం) మూడో అనుబంధంలో పెట్టించింది. 1997లో రెండో అనుబంధంలోకి వచ్చింది. అంటే అనుమతి పత్రం లేకుండా దేశాల మధ్య కదలకూడదు.

జగదల్‌పూర్‌తెలుగోడు · సోమవారం ఉదయం 7:40

ఆలస్యంగా చూశాను ఈ చర్చ. మా నాన్నగారు వ్యాపారం మీద ఇక్కడికొచ్చి స్థిరపడ్డారు, నేను పుట్టింది ఇక్కడే. విజయవాడ నుంచి కుంట, సుక్మా మీదుగా వచ్చే హైవే దర్భా దగ్గర కాంగేర్ లోయ నేషనల్ పార్కు పక్క నుంచే పోతుంది. ఆ పార్కు 1982లో వచ్చింది. దాదాపు 200 చదరపు కిలోమీటర్లు. తీరథ్‌గఢ్ జలపాతం, కుటుంసర్ గుహలు అందరికీ తెలుసు. కొండ గోరింక దాని అసలు ఆస్తి. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం వచ్చాక దీన్నే రాష్ట్ర పక్షిగా ప్రకటించారు. ఇక్కడ "పహాడీ మైనా" అంటారు.

జగదల్‌పూర్‌లో పెద్ద పంజరం కట్టి వాటితో పిల్లలు చేయించాలని ఏళ్ల తరబడి ప్రయత్నించారు. ఫలితం రాలేదు. ముందు అడ్డంకి, ఆడదేదో మగదేదో కంటితో చూస్తే తెలియకపోవడం. రెండింటికీ ఒకే రంగు, ఒకే పసుపు తోలు. జంట అనుకుని రెండు మగవాటిని కలిపి ఉంచితే ఎన్నాళ్లు చూసినా ఏముంది! నా మట్టుకు నాకు ఆ డబ్బు మొదటి నుంచే చెట్ల మీద పెట్టి ఉంటే బాగుండేదనిపిస్తుంది. ఇటీవల మాత్రం దారి మార్చారు. చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లని "మైనా మిత్ర" పేరుతో తీసుకుని గూళ్లు ఉన్న చెట్లని వాళ్ల చేతే కాపలా కాయిస్తున్నారు. ఒకప్పుడు గులేరుతో పిట్టలు కొట్టిన ఊళ్లే అవి. ఇప్పుడు ఏ చెట్టు తొర్రలో ఏముందో వాళ్లే చెప్తున్నారు. ఊరి శివార్లలో కూడా మైనాలు కనిపిస్తున్నాయి.

పాడేరుకాఫీ · సోమవారం ఉదయం 11:25

గూడు చెట్ల మాట వచ్చింది కాబట్టి చెప్తాను. మాది ఏజెన్సీలోనే. ఈ పిట్ట పోవడానికి పోడు వ్యవసాయమే కారణం అని వేరే గ్రూపులో ఒకాయన రాశారు. నాకు నచ్చలేదు. పోడు కొట్టేటప్పుడు కూడా మా పెద్దలు మర్రి, జువ్వి, మామిడి, ఇప్ప, జీలుగు ముట్టుకునేవారు కాదు. పోడు మధ్యలో ఒంటరిగా నిలబడ్డ పాత చెట్టు మీదే ఈ పిట్టలు పొద్దున్నే వచ్చి కూర్చునేవి. చుట్టూ ఖాళీగా ఉంటుంది కదా, వాటికి అలాంటి చోటే ఇష్టం. కాఫీ నీడ కోసం వరసగా సిల్వర్ ఓక్ వేసిన కొండలు చూడండి. పచ్చగానే ఉంటాయి, దూరం నుంచి అడవే అనుకుంటారు. అందులో తినే పండూ లేదు, దూరే తొర్రా లేదు. మా తోటలో పాత పనస, జువ్వి, బూరుగు ఉంచేశాం, బూరుగు పూసినప్పుడు వస్తాయి, తేనె తాగడానికి.

అడవిబాట · సోమవారం మధ్యాహ్నం 1:10

పాడేరు గారి మాటకి నాది ఓటు. ఒక్క చేర్పు: ఈ పిట్ట తొర్ర తవ్వుకోలేదు. వడ్రంగి పిట్ట తవ్వి వదిలేసిందో, కొమ్మ విరిగి కుళ్లి ఏర్పడిందో కావాలి. అందుకే ఎండిన చెట్టు, సగం చచ్చిన చెట్టు వాటికి బంగారం. అటవీశాఖలో "ఎండు చెట్లు తీసేస్తే అడవి శుభ్రం" అనే పాత ఆలోచన ఉన్నంతకాలం పోడు మీద నెపం వేయడం సులువు. వేసవి నుంచి తొలకరి దాకా గూటి కాలం. రెండో మూడో నీలి గుడ్లు, వాటి మీద గోధుమ చుక్కలు. అయితే పోడు వ్యవధి తగ్గిపోయి చెట్టు మళ్లీ పెరిగే సమయమే లేని కొండలూ ఉన్నాయి, అది కూడా నిజమే. అక్కడ ఒంటరి జువ్వి కూడా మిగల్లేదు.

పాడేరుకాఫీ · సోమవారం మధ్యాహ్నం 2:00

వ్యవధి తగ్గింది భూమి తగ్గి. అది వేరే చర్చ అవుతుంది, ఇక్కడ ఒద్దులెండి.

మెల్‌బోర్న్‌సుబ్బు · సోమవారం సాయంత్రం 5:30

ఇక్కడ నా బాధ రివర్సు. మన పెరటి గోరింక ఇక్కడ శత్రువు. 1860ల్లో పురుగుల్ని తింటుందని తెచ్చి మెల్‌బోర్న్ కూరగాయ తోటల్లో వదిలారు. తర్వాత 1880ల్లో క్వీన్స్‌లాండ్ చెరకు తోటలకి. పురుగుల సంగతేమో గానీ ఇక్కడి చిలకల తొర్రలన్నీ ఆక్రమించేసింది. ప్రపంచంలో బయటి నుంచి వచ్చి పాతుకుపోయిన అత్యంత హానికరమైన వంద పరాయి జాతుల జాబితాలో మూడే పక్షులు ఉన్నాయి. ఒకటి మన గోరింక, ఇంకోటి మన పిగిలిపిట్ట, అదే ఎర్రపిరుదుల బుల్‌బుల్. మూడోది యూరప్ స్టార్లింగ్. కాన్‌బెర్రాలో జనం పెరట్లో బోనులు పెట్టి పడుతుంటారు. పక్కింటావిడ "మీ ఇండియన్ మైనా" అని నా వైపు చూసి అంటే ఏం చెప్పాలో తెలీదు. పైగా ఇక్కడ నాయిజీ మైనర్ అని ఒక స్వదేశీ పిట్ట ఉంది, కంటి వెనక పసుపు మచ్చతో. అది తేనె తాగే వేరే కుటుంబం, గోరింకతో ఏ సంబంధమూ లేదు. దాన్ని చూసి మనదనుకుని కొట్టేవాళ్లు కూడా ఉన్నారు.

ఒకే కుటుంబంలో ఒకటి అడవి దాటలేక అల్లాడుతోంది, ఒకటి ఖండాలు దాటి తిట్లు తింటోంది. ఎందుకిలా?

జన్యుబాట · సోమవారం రాత్రి 8:15

సుబ్బు గారూ, తిండీ ఇల్లూ చూడండి. పెరటి గోరింక పురుగు, మెతుకు, చెత్త, పండు అన్నీ తింటుంది. పైపు రంధ్రం, ట్రాఫిక్ లైటు గూడు, ఏదైనా ఇల్లే దానికి. కొండ గోరింకకి ఏడాది పొడవునా ఏదో ఒక చెట్టు పండాలి, పూయాలి, పైగా ఎత్తులో తొర్ర కావాలి. ఇంకా, పెరటి గోరింకని ఓడెక్కించింది మనుషులే కదా. మారిషస్‌కి మిడతల్ని తినడానికని 1762లోనే భారతదేశం నుంచి తీసుకెళ్లారు. కోరంగి రేవులో ఓడలెక్కిన మన కూలీల కంటే చాలా ముందే అక్కడికి చేరిందన్నమాట.

కొండ గోరింక దాయాదుల్లో దీవులవి మరీ కష్టంలో ఉన్నాయి. సుమత్రా పక్కన నియాస్ దీవిలో ఉండే గ్రాకులా రొబస్టా ఈ కుటుంబంలోనే భారీ పక్షుల్లో ఒకటి. పంజరాల వ్యాపారం వల్ల ఇప్పుడు తీవ్ర ప్రమాదంలో ఉన్న జాబితాలో ఉంది. చిన్న సుండా దీవుల్లో వెనెరాటా, ఎంగానో దీవిలో ఎంగానెన్సిస్. వీటన్నిటినీ ఒకప్పుడు ఒకే కొండ గోరింక కింద లెక్కేసేవారు. అలా లెక్కేసినప్పుడు "ఆసియా అంతా ఉంది, భయం లేదు" అనిపించేది. విడగొట్టి చూశాకే నియాస్‌లో ఖాళీ అయిపోయిందని కనబడింది. జాతుల విభజన పండితుల గొడవ అనుకునేవాళ్లకి ఇది నా జవాబు. మాస్టారు గారూ, మిమ్మల్ని ఉద్దేశించి కాదు!

వ్యాపారం ఎంత దూరం తీసుకుపోతుందో బాలి మైనా చూస్తే తెలుస్తుంది. మంచులాంటి తెలుపు, కంటి చుట్టూ నీలం తోలు. 1912లో శాస్త్రానికి పరిచయమైంది. 2001 నాటికి బాలి అడవిలో ఆరు మిగిలాయని అంచనా. అప్పటికే ప్రపంచం నిండా పంజరాల్లో వందలు ఉన్నాయి. 2006 నుంచి పక్కనున్న నుసా పెనిడా దీవిలో, ఊళ్ల ఒప్పందంతో వదిలారు. పంజరంలో సులువుగా పిల్లలు పెట్టే పక్షి కాబట్టి అది కుదిరింది. జగదల్‌పూర్ గారు చెప్పినట్టు కొండ గోరింకతో ఆ ధీమా లేదు.

ఖమ్మంకుర్రోడు · సోమవారం రాత్రి 9:00

అడవిబాట అన్నా, వచ్చే నెల మేం దోస్తులం బైకుల మీద మారేడుమిల్లి పోతున్నం. ఎట్ల పట్టుకోవాలె, అంటే ఎట్ల చూడాలె? నిర్వాహకులు కోప్పడకుర్రి.

అడవిబాట · సోమవారం రాత్రి 9:25

పొద్దు పొడిచిన వెంటనే లేవాలి తమ్ముడూ, బైకు ఆపి నడవాలి. పండ్లున్న మర్రి గానీ జువ్వి గానీ దొరికితే అక్కడే కూర్చో. పది చెట్లు తిరిగే కంటే పండిన ఒక్క చెట్టు కింద ఓపిక పట్టడం మేలు. పావురాలు, బుల్‌బుల్‌లు, కొమ్ముముక్కు పక్షులు అన్నీ అక్కడికే వస్తాయి. ముందు చెవికి పని చెప్పు: గట్టి ఈల, వెంటనే గరగర, మధ్యలో మనిషి గొంతులాంటి ధ్వని. నెత్తి మీంచి పోతుంటే రెక్కల చప్పుడు కూడా వినిపిస్తుంది. దాదాపు ఎప్పుడూ జంటగానో చిన్న గుంపుగానో ఉంటాయి. ఒకటి కనిపిస్తే రెండోది దగ్గర్లోనే ఉంటుంది. ఫోన్లో కూత వినిపించి పిలవకండి. ఇరుగుపొరుగు పలుకు మీదే బతికే పిట్టకి వేరే ఊరి పలుకు వినిపిస్తే ఏమనుకుంటుందో పాపం. తల వెనక ఫొటో మరిచిపోకు.

గోదారిగట్టు · సోమవారం రాత్రి 10:05

ఈ రెండు రోజుల్లో పుస్తకంలో దొరకనివి చాలా దొరికాయి, అందరికీ ధన్యవాదాలు. తమ్ముడికి రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి పంపాను. "పసుపు తెగితే మాది, తెగకపోతే మీది, సరే" అన్నాడు. ఖమ్మం తమ్ముడికి పనికొస్తుందని చెప్తున్నా: నేను చూసిన జువ్విచెట్టుకి కాస్త కింద, రోడ్డు మలుపులో ఎండిన చెట్టు ఒకటుంది. జంట అందులోని తొర్రలోకి గడ్డి పోచలు తీసుకెళ్లడం చూశాను. కిలోమీటరు రాయి నంబరు [నిర్వాహకులు తొలగించారు]

వేదిక నిర్వాహకులు · సోమవారం రాత్రి 10:18

గోదారిగట్టు గారూ, గూడు ఉన్న చోటు గుర్తులు తీసేశాను. ఫొటోల్లోంచి లొకేషన్ కూడా తీసేశాం. మీరు ఈబర్డ్‌లో (చూసిన పక్షుల వివరాలు నమోదు చేసే సైటు) ఎక్కించేటప్పుడు మండలం పేరు చాలు, గూడు సంగతి రాయకండి. ఖమ్మం కుర్రోడికి వ్యక్తిగత సందేశంలో కూడా పంపవద్దని మనవి. చిట్టిబాబు గారి పోస్టు కింద ఇప్పటికి ఇంకో ఇద్దరు రేటు అడిగారు, వాటిని తొలగించాం.

కూతలవేట · మంగళవారం ఉదయం 6:50

అనంతగిరి నుంచి ఒకాయన ఆడియో పంపారు. ఫైలు పెద్దది, శుభ్రం చేసి సాయంత్రానికి పెడతాను. మాస్టారూ, డేగ కూత ఉందో లేదో మీరే విని చెప్పాలి.

రిటైర్డ్‌మాస్టారు · మంగళవారం ఉదయం 7:15

పెట్టండి. మా మనవడి దగ్గర ఇయర్‌ఫోన్స్ తీసుకుని కూర్చుంటాను.